తుపాకీ చట్టాల మీద మన అభిప్రాయాన్ని నవల మార్చగలదా?

విభాగం: పుస్తకాలు, పాఠకులు

కరివేపాకు | ఎడిసన్, న్యూజెర్సీ

అందరికీ నమస్కారం. అడుగుతున్నది పుస్తకం గురించి, రాజకీయాల గురించి కాదు. (రెండూ కలిసిపోతాయని తెలుసు. మోడరేటర్ గారు కాస్త ఓపిక పట్టాలి.)

మా ఆడవాళ్ల పుస్తకాల గుంపు ఈ నెల జోడీ పీకో రాసిన 'నైన్టీన్ మినిట్స్' చదివింది. 2007 నాటి నవల. న్యూ హ్యాంప్‌షైర్‌లో ఒక చిన్న ఊరు. చిన్నప్పటి నుంచీ తోటిపిల్లలు ఏడిపిస్తూ వచ్చిన పీటర్ అనే కుర్రాడు ఒకరోజు తుపాకులతో హైస్కూలుకి వస్తాడు. పంతొమ్మిది నిమిషాల్లో అంతా అయిపోతుంది. మిగతా నవలంతా దానికి ముందూ వెనకా.

ఒకావిడ పుస్తకం మూస్తూనే "ఇది సెనేటర్లకి తలా ఒకటి పంచాలి, గన్ కంట్రోల్ దానంతటదే వస్తుంది" అంది. పక్కావిడ ఊరుకోలేదు. "2012లో శాండీ హుక్ బళ్లో ఇరవై మంది పసిపిల్లలు పోతేనే కదలనివాళ్లు, లేని పీటర్‌ని చూసి కదులుతారా?" అంది. ఇక చూస్కోండి.

నాకు వింతగా అనిపించింది వేరే. అంతకుముందు గంటసేపు మేం మాట్లాడింది తుపాకుల గురించి కానే కాదు. పీటర్ వాళ్లమ్మ లేసీ గురించి. మన పిల్లల గదుల్లో ఏముందో మనకి తెలుసా, బళ్లో ఎవరు ఎవర్ని ఏడిపిస్తున్నారు, టీచర్లు ఏం చేస్తున్నారు, ఇవే. పీటర్‌ని వేటకి తీసుకెళ్లి తుపాకీ పట్టడం నేర్పింది వాళ్ల నాన్నే అన్న సంగతి నేను గుర్తు చేసేదాకా ఎవరి నోటా రాలేదు.

అందుకే ఇక్కడ అడుగుతున్నా. కథో నవలో చదివి తుపాకుల మీద మీ అభిప్రాయం మారిందా? మారితే సరిగ్గా ఏం మారింది? సినిమాల జోలికి వెళ్లొద్దు ప్లీజ్, దారం తెగిపోతుంది.

డాలస్ బాబాయ్ | ఫ్రిస్కో, టెక్సాస్

లేదు. మారదు కూడా.

నా దగ్గర గ్లాక్ 19 పిస్టల్ ఉంది. చెప్పుకోవడానికి మొహమాటమేం లేదు. ఇక్కడ 2021 సెప్టెంబరు నుంచి లైసెన్సు లేకుండానే పిస్టల్ పెట్టుకుని తిరగొచ్చు, నాకు లైసెన్సు కూడా ఉంది. ఇంగ్లిష్ థ్రిల్లర్లు తెగ చదువుతాను. ఎన్ని పుస్తకాల్లో చూశానో, హీరో గారు "గ్లాక్ సేఫ్టీ తీశాడు" అని రాస్తారు. అమ్మా, మామూలు గ్లాక్‌కి బొటనవేలితో తీసే సేఫ్టీ (పొరపాటున పేలకుండా ఆపే మీట) ఉండదు. అదంతా ట్రిగ్గర్‌లోనే ఉంటుంది. ఆ వాక్యం కనబడగానే అర్థమైపోతుంది, ఈ రచయిత జన్మలో షూటింగ్ రేంజ్ గడప తొక్కలేదని. ఆ తర్వాత ఆయన తుపాకుల గురించి ఏ నీతి బోధించినా నాకు ఎక్కదు. అన్నం వార్చడం రానివాడు పులిహోర గురించి ఉపన్యాసం ఇచ్చినట్టుంటుంది.

మతిమరుపు మేధావి | మిషిగన్

బాబాయ్ గారూ, మీరు చెప్పింది మా సబ్జెక్టులో ఒక పేరున్న ప్రయోగం. (సైకాలజీ పీహెచ్‌డీ, ఎప్పుడవుతుందని అడగొద్దు.)

మెలనీ గ్రీన్, టిమొతీ బ్రాక్ అని ఇద్దరు 2000లో అచ్చేసిన వ్యాసం. జనానికి ఒక కథ ఇచ్చారు. మాల్‌లో అక్కతో ఉన్న చిన్నపిల్లని, మానసిక చికిత్సాలయం నుంచి బయటికి వదిలిన రోగి ఒకడు కత్తితో పొడిచి చంపుతాడు. చదివాక అడిగారు: ఇలాంటి రోగులకి బయట తిరిగే స్వేచ్ఛ ఉండాలా? లోకంలో న్యాయం ఉందా? కథలో బాగా మునిగినవాళ్ల జవాబులు కథ ఎటు మొగ్గితే అటు మొగ్గాయి. కొందరికి అది నిజంగా జరిగిందని చెప్పారు, కొందరికి కల్పన అని చెప్పారు. దానివల్ల తేడా ఏమీ రాలేదు.

అసలు సంగతి ఇప్పుడు. ఎక్కడెక్కడ అబద్ధంలా తోచిందో అక్కడ పెన్సిల్‌తో సున్నా చుట్టమన్నారు. మునిగినవాళ్లు తక్కువ సున్నాలు చుట్టారు. మీరు "సేఫ్టీ తీశాడు" దగ్గర చుట్టింది అదే సున్నా. మునగకపోతే కథ పనిచెయ్యదు. తుపాకీ తెలిసిన పాఠకుడు తుపాకీ దగ్గరే ఒడ్డుకొచ్చేస్తాడు.

ఇంకో ముక్క. ఆ కథ జనం కోపాన్ని మానసిక రోగుల మీదకి తోసింది. అమెరికాలో కాల్పులు జరిగిన ప్రతిసారీ టీవీలో నడిచే వాదన కూడా అదే కదా, తప్పు తుపాకీది కాదు, పిచ్చివాడిది అని. కథ అభిప్రాయాన్ని మారుస్తుంది సరే, మంచివైపే మారుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేదు.

ఊరికే చదువుతా

అయితే రచయితలందరినీ వారం రోజులు రేంజ్‌లో కూర్చోబెడితే సెనేట్ దిగొస్తుందన్నమాట.

గోదారిగట్టు మాస్టారు | రాజమహేంద్రవరం (ప్రస్తుతం ఒహాయోలో, అమ్మాయి దగ్గర)

చిరంజీవి మేధావి చెప్పింది బాగుంది. నేను ప్రయోగశాల మనిషిని కాను, చరిత్రలోంచి రెండు చెబుతాను.

ఈ దేశంలో నవల రాజకీయాన్ని కుదిపిందంటే అందరూ మొదట చెప్పేది 'అంకుల్ టామ్స్ క్యాబిన్'. 1852లో వచ్చింది, మొదటి ఏడాదే ఒక్క అమెరికాలో మూడు లక్షల ప్రతులు పోయాయి. "ఈ మహా యుద్ధాన్ని తెచ్చిన చిన్న మనిషివి నువ్వేనా" అని లింకన్ ఆ రచయిత్రిని పలకరించాడని కథగా చెబుతారు, దానికి గట్టి ఆధారం లేదు. జనం సాధారణంగా చెప్పనిది ఒకటుంది. ఆ నవల రాగానే బానిసత్వాన్ని వెనకేసుకొస్తూ పోటీ నవలలు బోలెడు వచ్చాయి. దయగల యజమాని, తృప్తిగా ఉన్న బానిస, ఇదీ వాటి వరస. ఉత్తరాదివాళ్లు ఒక నవల చదివి కన్నీళ్లు పెట్టుకున్నారు, దక్షిణాదివాళ్లు ఇంకో నవల చదివి కన్నీళ్లు పెట్టుకున్నారు.

రెండోది 'ది జంగిల్', 1906. షికాగో కబేళాల్లో వలస కూలీల బతుకు మీద అప్టన్ సింక్లెయిర్ రాశాడు. అదే ఏడాది మాంసం తనిఖీ చట్టం వచ్చింది. నవల చట్టాన్ని తెచ్చిందనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. కానీ ఆయన రాసింది కూలీల కోసం. జనం గుండెకి గురిపెడితే పొరపాటున కడుపుకి తగిలిందని ఆయనే వాపోయాడు. పాఠకుడు తన పళ్లెంలోకి చూసుకుని హడలిపోయాడు, కూలీ మాట మర్చిపోయాడు.

మనవైపు చూస్తే గురజాడ. 1897 కన్యాశుల్కం పీఠికలో విశాఖ జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్కం పెళ్లిళ్లు 1,034 అని లెక్క ఇచ్చాడు. అయిదేళ్ల పిల్లలు ఎందరు, మూడేళ్ల పిల్లలు ఎందరు అన్నది కూడా. ఆ లెక్క ఎవరికీ గుర్తులేదు, గిరీశాన్ని మాత్రం ఎవరూ మరవరు. అంతమాత్రాన కన్యాశుల్కాన్ని నాటకమే ఆపిందనను. ఇంగ్లిష్ చదువులూ ఉద్యోగాలూ వచ్చి వరుడికి ధర పెరిగింది, డబ్బు అటునుంచి ఇటు కాక ఇటునుంచి అటు పోవడం మొదలైంది. నాటకం ఒప్పించిన మనిషిని బజారు కూడా తోసింది.

డాలస్ బాబాయ్ | ఫ్రిస్కో, టెక్సాస్

మాస్టారూ, మాంసం విషయం మీరు సరిగ్గా పట్టుకున్నారు. తినేవాడికి భయం వేసింది కాబట్టి చట్టం వచ్చింది. తుపాకీ దగ్గర భయం ఎటు తోస్తుంది?

2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లో, ఓలేతలో, మన హైదరాబాద్ ఇంజనీరుని బార్‌లో కాల్చి చంపారు. "మా దేశం నుంచి పొండి" అని అరిచి మరీ. ఆ వారం మా వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కడ చూసినా ఒకటే ప్రశ్న, ఇంట్లో గన్ ఉంచుకోవాలా అని. నేను కొన్నది అప్పుడే. కథ చదివి కాదు, వార్త చదివి.

2023 మే 6న అలెన్ ఔట్‌లెట్స్‌లో ఎనిమిది మందిని చంపారు, అందులో మన తెలుగమ్మాయి ఒకరు. ఆ మాల్ మా ఇంటికి దగ్గర. పిల్లల షూస్ అక్కడే కొంటాం. ఆ రాత్రి మా ఆవిడ "ఇంట్లో ఉన్నది తీసేయండి" అంది. నేను "ఇంకోటి కొనాలి" అన్నాను. ఒకే వార్త, ఒకే ఇల్లు, ఒకే సోఫా. కళ్లముందు జరిగిందే మమ్మల్ని చెరోవైపు తోస్తే, ఊహించి రాసింది ఒకవైపు ఎలా తెస్తుంది?

వరంగల్ పోరడు | షికాగో

బాబాయ్, ఏమనుకోకున్రి, నేనొకటి జెప్త. కథతోని అభిప్రాయం మారదంటే నేనొప్పుకోను. మారుతది. ఎటు దిక్కు అన్నదే లొల్లి.

'ది టర్నర్ డైరీస్' అని 1978ల ఒక నవల వచ్చింది. రాసినోడు విలియం పియర్స్, తెల్లజాతే గొప్పదనే పిచ్చోడు, మారుపేరు వెట్టుకోని రాసిండు. కథ యాడికెళ్లి షురువైతదో ఎరికేనా? సర్కారు చట్టం జేసి జనాల తుపాకులు గుంజుకునుడుతోని. అంటే గన్ కంట్రోల్ మీదనే పునాది. గా పుస్తకాన్ని టిమొతీ మెక్‌వే గన్ షోలల్ల తిరుక్కుంట అమ్మిండు. 1995 ఏప్రిల్ 19 నాడు ఓక్లహోమా సిటీల ట్రక్కు బాంబు వెట్టిండు, 168 మంది సచ్చిపోయిన్రు. నవలల గూడ ట్రక్కు బాంబే, గండ్ల పేల్చేది ఎఫ్‌బీఐ బిల్డింగు.

మా యూనివర్సిటీల ఒక క్లాసు కోసం దాని మీద చదివిన. సాహిత్యం లెక్కన జూస్తే ఉత్త చెత్త. మనుషులు లేరు, మాటలు లేవు, మొత్తం ద్వేషం. అయినా పనిచేసింది. మేధావి అన్న జెప్పిన "మునుగుడు"కి మంచి రచన అక్కర్లేదని నాకు గప్పుడు సమజైంది. చదివెటోనికి ఆల్రెడీ దూప ఉంటె సాలు.

మోడరేటర్

పై పుస్తకం పీడీఎఫ్ లింకు పెట్టిన ఒక సభ్యుడి పోస్టు తీసేశాను. చర్చించండి, పంచకండి.

కరివేపాకు | ఎడిసన్, న్యూజెర్సీ

పోరడు తమ్ముడు చెప్పాక స్టీఫెన్ కింగ్ గుర్తొచ్చాడు. 1977లో రిచర్డ్ బాక్‌మన్ అనే మారుపేరుతో 'రేజ్' అని ఒకటి రాశాడు. ఒక హైస్కూలు కుర్రాడు టీచరుని కాల్చి క్లాసుని బందీగా పట్టుకుంటాడు. 1997 డిసెంబరులో కెంటకీలో ఒక పద్నాలుగేళ్ల పిల్లాడు బళ్లో కాల్పులు జరిపి ముగ్గురు ఆడపిల్లల్ని చంపాడు. వాడి లాకర్‌లో ఈ నవల దొరికింది. కింగ్ తనంతట తనే ఆ పుస్తకాన్ని ఇక అచ్చు వెయ్యొద్దన్నాడు. నా నవలే ఆ పిల్లాణ్ణి హంతకుణ్ణి చేసిందని ఆయన ఒప్పుకోలేదు. కానీ మండుతున్నదాని మీద పోసే నూనెగా పనికొచ్చి ఉండొచ్చని మాత్రం అన్నాడు.

నాకు ఇంకా నచ్చింది తర్వాత జరిగింది. శాండీ హుక్ అయిన నెలకి, 2013 జనవరిలో, కింగ్ 'గన్స్' అని చిన్న పుస్తకం రాసి కిండిల్‌లో 99 సెంట్లకి పెట్టాడు. ఆయన దగ్గరా తుపాకులున్నాయి, ఆ సంగతి దాంట్లోనే చెప్పుకున్నాడు. గమనించండి, బతుకంతా కథలు రాసిన మనిషి, జనం అభిప్రాయం మార్చాలని కూర్చున్నప్పుడు కథ రాయలేదు. వ్యాసం రాశాడు.

అట్లాంటా అనుమానం

చాలా ఆలస్యంగా వచ్చాను. అందరూ "అభిప్రాయం" అంటున్నారు, ఏ అభిప్రాయం? గన్ కంట్రోల్ ఒక వస్తువు కాదు. కొనేముందు నేపథ్యం తనిఖీ చెయ్యాలా అంటే తుపాకులున్నవాళ్లలో కూడా చాలామంది ఔనంటారు. ఏఆర్-15 లాంటి, సైన్యం తుపాకుల్ని పోలిన రైఫిళ్లు అమ్మకూడదా అంటే అక్కడ చీలిపోతారు. అలాంటి వాటి మీద 1994లో నిషేధం పెట్టి 2004లో గడువు తీరితే వదిలేశారు. ఇంట్లో తాళం వేసి ఉంచాలని చట్టం ఉండాలా అంటే అది మూడో ప్రశ్న. నవల చదివి "తుపాకుల మీద నా మనసు మారింది" అన్నవాణ్ణి ఈ మూడూ విడివిడిగా అడగండి, తడబడతాడు.

కరివేపాకు గారి స్నేహితురాలికి ఇంకో మాట. 2013 ఏప్రిల్‌లో నేపథ్యం తనిఖీలు పెంచే సవరణ సెనేట్‌కి వచ్చింది. సర్వేల్లో జనం మద్దతు అప్పటికే ఆకాశాన్నంటుతోంది. 54 మంది అనుకూలం, 46 మంది వ్యతిరేకం. ఓడిపోయింది, ఎందుకంటే 60 కావాలి. ఇక్కడ నవల ఎవరి అభిప్రాయం మార్చాలి? జనానిది ముందే ఉంది. అడ్డం పడింది సెనేట్ నిబంధన. దానికి మందు నవల్లో లేదు.

మతిమరుపు మేధావి | మిషిగన్

అనుమానం గారు ఎప్పటిలాగే ఆట చెడగొట్టారు, కానీ నిజం చెప్పారు. నావంతుగా నేనూ కాస్త చెడగొడతాను.

మంచి సాహిత్యం చదివితే ఎదుటివాళ్ల మనసు బాగా అర్థమవుతుందని 2013లో 'సైన్స్' పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. పత్రికలన్నీ పండగ చేసుకున్నాయి. తర్వాత వేరేవాళ్లు అదే ప్రయోగం మళ్లీ చేస్తే ఫలితం నిలబడలేదు. కాబట్టి "చదివేవాళ్లు మంచివాళ్లవుతారు" అని ఎవరైనా అంటే కాస్త ఆగండి.

సరే, కథ వద్దు, అంకెలతో ఒప్పిద్దాం అంటారా? డాన్ కహాన్ బృందం ఒక పట్టిక తయారు చేసింది. ఒక గుంపుకి అది చర్మం మీద రాసుకునే క్రీమ్ పనిచేసిందా లేదా అన్న లెక్క. ఇంకో గుంపుకి అవే అంకెలు, పిస్టల్ దాచి పెట్టుకుని బయట తిరగడాన్ని నిషేధించిన ఊళ్లలో నేరాలు తగ్గాయా పెరిగాయా అని. క్రీమ్ దగ్గర లెక్కలు బాగా వచ్చినవాళ్లు సరైన జవాబు చెప్పారు. తుపాకీ దగ్గరికొచ్చేసరికి తమ పార్టీకి నచ్చే జవాబు వైపు వెళ్లారు. లెక్కలు బాగా వచ్చినవాళ్లలోనే రెండు పార్టీల మధ్య ఎడం ఇంకా ఎక్కువ. తెలివి వాళ్లకి నిజం వెతకడానికి కాదు, సాకు వెతకడానికి అక్కరకొచ్చింది.

మరి దేనివల్ల ఏం మారుతుంది? నాకు అన్నిటికంటే నచ్చింది రువాండాది. ఎలిజబెత్ పాలక్ అనే ఆవిడ చేసింది, 2009లో అచ్చయింది. మారణహోమం జరిగిన దేశంలో రెండు వర్గాల గొడవ మీద రేడియో నాటకం. కొన్ని గుంపులు ఏడాదిపాటు అది విన్నాయి, మిగతావి ఆరోగ్యం గురించిన ఇంకో నాటకం విన్నాయి. చివరికి చూస్తే జనం సొంత నమ్మకాలు పెద్దగా మారలేదు. మారింది, "మా ఊళ్లో నలుగురూ ఎలా నడుచుకుంటారు, ఎలా నడుచుకోవాలి" అన్న అంచనా. ఆఖరి రోజు పరిశోధకులు ప్రతి గుంపుకీ రేడియో, క్యాసెట్లు, బ్యాటరీలు ఇచ్చారు. ఆరోగ్యం నాటకం విన్నవాళ్లు వాటిని ఊరి పెద్ద చేతిలో పెడదామన్నారు. గొడవ నాటకం విన్నవాళ్లు అందరం కలిసి చూసుకుందామని, ఎలాగో తేల్చుకోవడానికి వాదులాడుకున్నారు. కథ వాళ్ల మనసు మార్చలేదు, వాళ్ల చేత నోరు విప్పించింది.

లైబ్రరీ అక్క | ఇల్లినాయ్

ఇన్నాళ్లూ చదివి ఊరుకునేదాన్ని, ఇది నా పని కాబట్టి రాస్తున్నా. హైస్కూలు లైబ్రరీలో సహాయకురాలిగా చేస్తాను.

పుస్తకం ముట్టని మగపిల్లలు తమంతట తాము అడిగి తీసుకెళ్లేది ఒకటుంది. జేసన్ రెనాల్డ్స్ 'లాంగ్ వే డౌన్', 2017. కవితల్లో రాసిన నవల. పేజీకి పది లైన్లుంటే ఎక్కువ, చుట్టూ ఖాళీ, అందుకని భయపడరు. ఒక్క పీరియడ్‌లో ముగించి తెచ్చిచ్చేవాళ్లున్నారు. విల్ అనే పదిహేనేళ్లవాడి అన్నని వీధిలో కాల్చేస్తారు. వాళ్ల పేటలో మూడు రూల్స్: ఏడవకూడదు, పోలీసులకి చెప్పకూడదు, పగ తీర్చుకోవాలి. అన్న సొరుగు ఒకటి ఇరుక్కుపోయి ఉంటుంది, రాదు. వాడు లాగి లాగి, అది కాస్త తెరుచుకోగానే వేళ్లు దూర్చి లోపలి తుపాకీ తీస్తాడు. నడుముకి పెట్టుకుని లిఫ్ట్ ఎక్కుతాడు. మిగతా పుస్తకమంతా ఆ లిఫ్ట్ కిందికి దిగే అరవై సెకన్లు. ఒక్కో అంతస్తులో ఆగుతుంది, ఒక్కొక్కరు ఎక్కుతారు. అందరూ తుపాకీకి బలైపోయినవాళ్లే.

దాంట్లో చట్టం అన్న మాటే నాకు గుర్తులేదు. సెనేట్ లేదు, నిషేధం లేదు. ఆ పిల్లలు దాని గురించి మాట్లాడేటప్పుడు "తుపాకులు ఉండాలా వద్దా" అని ఎప్పుడూ అనరు. "ఆ మూడో రూల్ ఎవరు పెట్టారు?" అని కొట్టుకుంటారు. మేధావి గారు చెప్పిన రేడియో సంగతి చదవగానే నాకు ఈ పిల్లలే కళ్లముందు మెదిలారు.

కరివేపాకు గారూ, మీ పుస్తకం గురించి కూడా ఒకటి. 2023-24లో అమెరికా బళ్లలో అన్నిటికంటే ఎక్కువసార్లు నిషేధానికి గురైన పుస్తకం మీ 'నైన్టీన్ మినిట్స్' అని పెన్ అమెరికా అనే రచయితల సంఘం లెక్క తేల్చింది. తుపాకుల కోసం కాదట. ఒక అమ్మాయి మీద అత్యాచారం ఉన్న ఒక్క పేజీ కోసం అని రచయిత్రి అంటోంది. బడి కాల్పుల మీద నవల బడి పిల్లలకే దొరకదు, ముందు దాని సంగతి చూడాలి.

డాలస్ బాబాయ్ | ఫ్రిస్కో, టెక్సాస్

ఆ లిఫ్ట్ పుస్తకం మా ఇంట్లో ఉంది. మావాడిది. నేను చదవలేదు, మా ఆవిడ చదివింది. చదివిన రాత్రి నా పక్కన నిలబడి "మీ సొరుగు ఎంత గట్టిగా లాగితే వస్తుంది?" అని అడిగింది. సొరుగు మాట ఎందుకొచ్చిందో నాకు అర్థం కాలేదు. ఇప్పుడు లైబ్రరీ అక్క రాసింది చదివాక అర్థమైంది.

తను అడిగిన మర్నాడే వేలిముద్రతో తెరుచుకునే చిన్న సేఫ్ ఆర్డర్ పెట్టాను. నన్ను మార్చింది పుస్తకమని రాయకండి, మా ఆవిడ. పైగా టెక్సాస్‌లో పదిహేడేళ్ల లోపు పిల్లల చేతికి అందేలా లోడ్ చేసిన తుపాకీ వదిలేస్తే నేరమని చట్టం ముందే ఉంది, నేనే పట్టించుకోలేదు. నా ఓటు ఎటు పడేదో ఇప్పుడూ అటే.

ఊరికే చదువుతా

చట్టం చెయ్యలేనిది నవల చెయ్యలేదు, నవల చెయ్యలేనిది పిన్నిగారు చేశారు.

అట్లాంటా అనుమానం

బాబాయ్ గారి సేఫ్ గురించి నేను వెక్కిరించను. ఈ చర్చలో ఇప్పటిదాకా తేలిన గట్టి మార్పు అదొక్కటే.

ఎందుకంటే అంకెలు చూడండి. 2021లో అమెరికాలో తుపాకీతో పోయినవాళ్లు 48,830 మంది. అందులో 26,328 ఆత్మహత్యలు. సగానికి పైనే. మరి నవలలు? బడి, మాల్, చర్చి, గుంపు మీద కాల్పులు. నవల చదివి తుపాకీ సమస్య తెలుసుకున్నవాడికి అసలు సమస్య తలకిందులుగా కనిపిస్తుంది. వాడు బడికి మెటల్ డిటెక్టర్ పెట్టమంటాడు, ఇంట్లో సొరుగు అలాగే ఉంటుంది. అలాంటప్పుడు అభిప్రాయం మారినా ఏం లాభం?

గోదారిగట్టు మాస్టారు | రాజమహేంద్రవరం

నాయనా అనుమానం, ఇది రచయితల అజ్ఞానం కాదు, కథ స్వభావం. మొదటి అంకంలో గోడకి తుపాకీ తగిలిస్తే చివరికి అది పేలాలన్నాడు చెహోవ్. పేలదంటే గోడ మీద ఉంచొద్దన్నాడు. కథలు రాసే ప్రతివాడికీ మొదటి పాఠం అది. కాబట్టి కథలోకి వచ్చిన తుపాకీ పేలి తీరుతుంది. ముప్పై ఏళ్లు బీరువాలో పడుండి, మనిషి పోయాక కొడుకు అమ్మేసే తుపాకీకి కథ లేదు.

డాలస్ బాబాయ్ | ఫ్రిస్కో, టెక్సాస్

మాస్టారూ! నా గొడవంతా ఇదే, నాకు మాటల్లో పెట్టడం రాలేదు. ఈ దేశంలో ముగ్గురిలో ఒకరు తమకి తుపాకీ ఉందంటారు. వాటిలో ఎక్కువ భాగం మనిషి మీద ఎప్పుడూ పేలవు. కథలో మాత్రం ప్రతిదీ పేలుతుంది. నాలాంటివాడు చదివితే "ఇది నా గురించి కాదు" అనే అనుకుంటాడు.

లైబ్రరీ అక్క | ఇల్లినాయ్

బాబాయ్ గారూ, అదే మాట అవతలి వైపుకీ వర్తిస్తుంది కదండీ. కౌబాయ్ నవలల్లో కూడా ప్రతి తుపాకీ పేలుతుంది, కాకపోతే సరైన సమయానికి సరైనవాడి మీద. 'షేన్'లో తుపాకీ ఉత్త పనిముట్టు, పట్టుకున్నవాడు మంచివాడైతే అదీ మంచిదే అంటాడు హీరో. 1949 నవల. ఈరోజుకీ సరిగ్గా అదే వాదన కదా నడుస్తోంది. ఆ కథలు చదివి, చూసి పెరిగిన దేశంలో కథలు అభిప్రాయాన్ని మార్చవంటే నేను నమ్మను. ఒక్క పుస్తకం మార్చలేదేమో. వందేళ్ల పుస్తకాలు ఎప్పుడో మార్చి పెట్టాయి, మనం ఆ మారిపోయిన ఇంట్లో దిగాం.

'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్'లో ఎదురు దారి ఉంది. అటికస్ పిచ్చికుక్కని ఒక్క దెబ్బకి కొడతాడు. నాన్న అంత గురికాడని పిల్లలకి అప్పటిదాకా తెలియదు. మురిసిపోతారు. ఆయన మాత్రం తర్వాత ఒక ముసలావిడ, మార్ఫీన్ అలవాటు వదిలించుకుని చనిపోయినావిడ, ఆవిడని చూపించి ధైర్యం అంటే ఇది, చేతిలో తుపాకీ ఉన్న మగాడు కాదు అంటాడు. 1960 నుంచీ ఇక్కడి బళ్లలో ఎన్ని తరాలు చదివాయో. అయినా 'షేన్' గెలిచినట్టే కనిపిస్తుంది నాకు.

కరివేపాకు | ఎడిసన్, న్యూజెర్సీ

ఇది మా గుంపులో చదివి వినిపించాలి.

ఒక చిన్న సంగతి కలుపుతా. లయొనెల్ ష్రైవర్ నవల 'వి నీడ్ టు టాక్ అబౌట్ కెవిన్'లో బళ్లో చంపే కుర్రాడి చేతిలో తుపాకీ ఉండదు, విల్లులాంటి క్రాస్‌బో ఉంటుంది. తుపాకీ తీసేసరికి పాఠకుడికి దాక్కోవడానికి చోటు లేకుండా పోతుంది. చట్టం గురించి వాదించి తప్పించుకోలేడు, ఆ తల్లీకొడుకుల్ని చూడాల్సిందే. మేము పీటర్ పుస్తకంతో చేసింది దానికి తిరగేసినది. చేతిలో తుపాకీ ఉన్నా తల్లినే చూశాం.

వచ్చే నెలకి 'లాంగ్ వే డౌన్' ఖాయం చేశాం. అనుమానం గారి మూడు ప్రశ్నలూ (నేపథ్యం తనిఖీ, ఏఆర్-15, ఇంట్లో తాళం) చదవకముందు ఒకసారి చీటీ మీద రాయించి తీసుకుంటా. చదివిన వెంటనే వద్దు, కొన్నాళ్లాగి మళ్లీ అడుగుతా.

మతిమరుపు మేధావి | మిషిగన్

ఆగడం మంచిదే అక్కా. కథ ప్రభావం చదివిన రోజుకంటే కొన్నాళ్లయ్యాక పెరిగినట్టు కనబడ్డ అధ్యయనం ఒకటుంది, అపెల్, రిక్టర్ 2007లో అచ్చేశారు. నాలుగో ప్రశ్న కూడా కలపండి: "ఈ నెలలో తుపాకీ గురించి ఇంట్లో ఎవరితోనైనా మాట్లాడారా?" నా అంచనా, తేడా ఏదైనా వస్తే అక్కడే వస్తుంది. మీ గుంపు చిన్నది, అందరూ ఒకే రకం ఆలోచన ఉన్నవాళ్లు. దీన్ని రీసెర్చ్ అని మాత్రం ఎక్కడా చెప్పకండి.

వరంగల్ పోరడు | షికాగో

ఒకే రకం ఆలోచనోళ్లైతే ఏం మజా అక్కా. అటు దిక్కోళ్లను గూడ పిలువు.

కరివేపాకు | ఎడిసన్, న్యూజెర్సీ

బాబాయ్ గారూ, జూమ్‌లో వస్తారా? ఆడవాళ్ల గుంపే, మీ కోసం ఒక్కసారికి నియమం సడలిస్తాం.

డాలస్ బాబాయ్ | ఫ్రిస్కో, టెక్సాస్

ముందు పుస్తకం చదవనివ్వండమ్మా. మావాణ్ణి అడిగితే ఎవరికో ఇచ్చానంటున్నాడు, లైబ్రరీలో హోల్డ్ పెట్టాను. లింకు మాత్రం మా ఆవిడకి పంపండి, తను ఎలాగూ వస్తానంటోంది. నేను పక్కన కూర్చుంటాను, కానీ గ్లాక్ సేఫ్టీ మాట ఎవరెత్తినా మ్యూట్ తీసేస్తా.